జబ్బుతో ఉన్న పిల్లలకి ఉచిత క్యాంపు: గుంటూరు, విజయవాడ వైపు పెట్టాలనుకునేవాళ్ళకి

మీ ప్రశ్న ఇదీ. గుంటూరులో పదిహేను మంది స్నేహితులు కలిసి, క్యాన్సర్, తలసేమియా, టైప్ 1 షుగర్ ఉన్న 50 మంది పిల్లల్ని మే సెలవుల్లో మూడు రోజులు విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఉన్న భవానీ ద్వీపంలో ఉంచి, పైసా తీసుకోకుండా ఆటపాటలతో గడిపించాలనుకుంటున్నారు. డబ్బు సమకూరింది, ఇంకా ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఆలోచన మంచిదే, కానీ నాలుగు మార్చాలి. మే వద్దు. ద్వీపంలో రాత్రి బస వద్దు. 50 మంది వద్దు. మూడు జబ్బుల పిల్లల్నీ కలపొద్దు. డిసెంబరు రెండో సగంలోనో జనవరి చివర్లోనో, ఒకే జబ్బున్న 18–20 మందితో, 8 నుంచి 14 ఏళ్ళ లోపు వాళ్ళతో, రెండు రాత్రులు పెట్టండి. పిల్లల వార్డూ ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి అర్ధరాత్రి అరగంటలో చేరగలిగే చోటు చూసుకోండి. దానికి నెల ముందు ఒక ఆదివారం పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా అదే పిల్లలతో పగటి క్యాంపు జరపండి. మీ వంట, బస్సు, మందుల రాత, వాలంటీర్ల ఓపిక ఎంతో ఆ ఒక్కరోజులోనే బయటపడుతుంది.

క్యాంపు ఎంత పెద్దదో తేల్చేది మీ దగ్గరున్న డబ్బు కాదు, రాత్రి మేలుకుని కూచునే నర్సులు. పగలు కళ్ళు చాలా ఉంటాయి. ఒక పిల్ల మూలన కూచుంటే ఎవరో ఒకరు పలకరిస్తారు. రాత్రి అలా కాదు. జ్వరాలు తరచుగా సాయంత్రం దాటాకే పైకి లేస్తాయి. పగలంతా పరిగెత్తిన షుగర్ పిల్లాడికి తెల్లవారుజామున 2–3 గంటలకి షుగర్ పడిపోవచ్చు, నిద్రలో వాడికే తెలియదు. కొత్తచోటు, అమ్మ పక్కన లేదు, పక్క తడిపేస్తారు, ఏడుస్తారు. 20 మంది పిల్లలకి రాత్రి ఇద్దరు, పగలు ఇద్దరు, మొత్తం నలుగురు నర్సులు కావాలి. పగలు చేసినవాళ్ళనే రాత్రి కూచోబెడితే మూడో పూటకి మందుల చార్టులో తప్పులు మొదలవుతాయి. డాక్టరు ఒకరు అక్కడే పడుకోవాలి. పిల్లలకి మామూలుగా వైద్యం చేసే స్పెషలిస్టు ఆ రెండు రాత్రులూ ఫోన్లో దొరకాలి. 50 మందికి ఈ లెక్కన నర్సులు దొరికితే 50 మందినే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. దొరకరు.

మే ఎందుకు వద్దంటే, మన వైపు ఆ నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. క్యాన్సర్ పిల్లలు వేసుకునే మెథోట్రెక్సేట్, కోట్రైమాక్సజోల్ మందులు రెండూ చర్మాన్ని ఎండకి తట్టుకోనివ్వవు. ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటిన గదిలో పాడవుతుంది. పైగా ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా ఆటలమ్మ తిరిగే రోజులు. మే వద్దన్నాం కదా అని నవంబరుకి, డిసెంబరు మొదటివారానికి పరిగెత్తకండి. తుపాన్లు వచ్చే కాలం అది. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. దసరా సెలవులకి వాన భయం. సంక్రాంతికి ఏ తల్లీ బిడ్డని పంపదు. క్రిస్మస్ చుట్టూ రెండ్రోజులు వదిలేయండి, గుంటూరు వైపు చాలా కుటుంబాలకి అది పెద్ద పండుగ. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి డిసెంబరు మూడో వారం, జనవరి చివరి వారం.

భవానీ ద్వీపం పగటిపూట రెండు గంటల షికారుకి బాగుంటుంది. రాత్రికి మాత్రం ఒకటే ప్రశ్న: ఒంటిగంటకి జ్వరం వస్తే బోటు ఎవరు నడుపుతారు? నదిలో నీళ్ళు పెరిగినా బోట్లు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాం. బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ కూడా చాలామంది అడుగుతారు. సముద్రం పిల్లలకి ఎంత ఇష్టమో తెలుసు, కానీ అక్కణ్ణించి గుంటూరు రావడానికే గంట దాటిపోతుంది. కొండపల్లి కోట, కొండవీడు ఎక్కడాలు మొదటి ఏడాది పెట్టుకోకండి.

నా సలహా గుంటూరు, విజయవాడ మధ్య ఉన్న మంగళగిరి, కాజ, నంబూరు పట్టీ. కాలేజీ హాస్టళ్ళు, శిక్షణ కేంద్రాలు ఆ దారిలో ఉన్నాయి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, ఒకవైపు గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), ఇంకోవైపు విజయవాడ పెద్దాసుపత్రి. అయినా మ్యాపులో నిమిషాలు చూసి నమ్మొద్దు. శనివారం సాయంత్రం 7కి ఒకసారి, రాత్రి 1కి ఒకసారి కారులో వెళ్ళి చూడండి. విజయవాడ వైపైతే వారధి మీద, బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఎంతసేపు ఇరుక్కుంటారో అప్పుడు తెలుస్తుంది. ఆసుపత్రిలో రాత్రి ఏ గేటు తెరిచి ఉంటుందో కూడా అప్పుడే చూసుకోండి. ఇది చిన్న విషయం కాదు. పగలు వాడే గేటు రాత్రి తాళం వేసి ఉండటం మామూలే.

గుంటూరు ఊళ్ళో చోటు దొరికితే మిర్చియార్డు, కోల్డ్ స్టోరేజీల వైపు వద్దు. కొత్త పంట జనవరి నుంచే దిగుతుంది. ఆ ఘాటుకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే తుమ్ముతారు, కీమో మీదున్న పిల్లల సంగతి ఇక చెప్పేదేముంది. అలాగే పక్కనే కట్టడం జరుగుతున్న భవనం వద్దు. తవ్విన మట్టిలో, పాత గోడల దుమ్ములో ఉండే బూజు తెల్లకణాలు తక్కువున్న పిల్లల ఊపిరితిత్తుల్లో పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం. గదుల్లో పావురాలుంటే అదే సమస్య.

హాస్టల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు పరుపులు తిప్పి వాసన చూడండి. నెలల తరబడి మూసిన గదుల్లో బూజు ఉంటుంది. రెండంతస్తుల మంచాలైతే పై మంచం ఎవరికీ ఇవ్వొద్దు. కిటికీలకి దోమల జాలీ, ప్రతి అంతస్తులో కనీసం ఒక కమోడ్, జనరేటరు, వారంలోపు కడిగించిన నీళ్ళ ట్యాంకు ఉండాలి. ఇంకో సంగతి ఎవరికీ తోచదు. దుప్పట్ల బీరువాలో కలరా ఉండలు వేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ నాఫ్తలీన్ వల్ల ఎర్రకణాలు పగిలిపోతాయి. తలసేమియా పిల్లల్లోనూ ఆ లోపం ఉన్నవాళ్ళు ఉండొచ్చు. దుప్పట్లు మీరే ఉతికించి, ఎండలో వేసి తెచ్చుకోండి.

ఏ జబ్బుతో మొదలుపెట్టాలి? తలసేమియాతో. కారణం, వాళ్ళ ఒంట్లో ఓపిక ఎప్పుడుంటుందో ముందే తెలుస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన వారంలోపు క్యాంపు పడితే పిల్లలు హుషారుగా ఉంటారు. మూడు, నాలుగో వారంలో పడితే నాలుగు మెట్లెక్కి కూలబడతారు, మీరేమో పాపం ఆటలు నచ్చలేదేమో అనుకుంటారు. అందుకని తేదీ ఖాయం చేసేముందు రక్తం ఎక్కించే కేంద్రంతో మాట్లాడి, అందరికీ ఆ ముందు వారంలోనే పడేలా సర్దించండి. ఇనుము తగ్గించే డెఫెరాసిరాక్స్ నీళ్ళలో కరిగించుకునే రకమైతే ఖాళీ కడుపున, టిఫినుకి అరగంట ముందు ఇవ్వాలి. మీ టైంటేబుల్లో టిఫిను 8కి అంటే మందు 7.30కే అయిపోవాలి. అదే పని చేసే డెఫెరాక్సమిన్ మందు పంపు పెట్టుకునేవాళ్ళకి రాత్రి 8 నుంచి 12 గంటలు పొట్ట మీదో తొడ మీదో సన్నటి సూది ఉంటుంది. ఆ పిల్లల మంచాలు గోడవైపు వెయ్యండి. ప్లీహం తీసేసిన పిల్లలు ఎవరో పేర్లు విడిగా రాసుకోండి. వాళ్ళకి జ్వరమొస్తే ఇక్కడే ఉంచి చూద్దాం అనుకోవడానికి లేదు, నేరుగా ఆసుపత్రికే.

క్యాన్సర్ పిల్లలైతే మొదటి క్యాంపుకి చికిత్స పూర్తయినవాళ్ళు, లేదా లుకేమియా (రక్తక్యాన్సర్) మెయింటెనెన్స్ దశలో, అంటే గట్టి కీమో అయ్యాక ఇంట్లో మాత్రలు వాడే దశలో ఉన్నవాళ్ళు మాత్రమే. గట్టి కీమో నడుస్తున్నవాళ్ళు వద్దు. క్యాంపుకి మూడ్రోజుల లోపు చేసిన రక్తపరీక్ష కావాలి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 1,000 పైన ఉండాలని మేం పెట్టుకున్న గీత. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 50,000 లోపుంటే పరుగుపందేలు, తోపులాట ఆటలు లేవు. చివరి మాట మాత్రం పిల్లాడి డాక్టరుదే, ఆయన సంతకం లేకుండా బస్సెక్కించొద్దు.

ఈ పిల్లల మందుల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కసారే. ఇంకో కీమో మందు 6-ఎంపీ మాత్ర రోజూ రాత్రి వేస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే, ఒకే కవరులో వస్తాయి. పొరపాటున మెథోట్రెక్సేట్ కూడా రోజూ వేస్తే నోరు పుళ్ళు పడి, తెల్లకణాలు పడిపోతాయి. క్యాంపు రోజుల్లో వారం మందు పడేటట్టుంటే చార్టులో ఆ రోజు ఎర్ర ఇంకుతో రాసి, మిగతా గడులన్నీ అడ్డంగా కొట్టేయండి. పడకపోతే ఆ స్ట్రిప్పు అసలు తీసుకోకుండా అక్కడికక్కడే అమ్మ చేతికిచ్చి పంపేయండి.

జ్వరం సంగతి వాలంటీర్లందరికీ నోటికి రావాలి. థర్మామీటరు చంకలోనో చెవిలోనో పెట్టండి, మలద్వారంలో ఎప్పుడూ వద్దు. 100.4 ఫారెన్‌హీట్ వచ్చిందంటే అది ఎమర్జెన్సీ. పారాసిటమాల్ ఇచ్చి చూద్దాం అనేది మనందరికీ అలవాటు, అదే ఇక్కడ చేయకూడనిది. జ్వరం దిగి, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఐబుప్రోఫెన్ ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తుంది, మందుల పెట్టెలోనే ఉంచొద్దు. నర్సు టైము రాసుకుంటుంది, డాక్టరు చూస్తారు, స్పెషలిస్టుకి ఫోను, పిల్లాడి ఫైలుతో కారు బయల్దేరాలి. గుర్తించిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్ళాలి. అందుకే ఆసుపత్రి అరగంట దూరంలో ఉండాలని అంతలా చెప్పింది. 108 ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఆ రాత్రి దానికి ఇంకో పిలుపు ఉండొచ్చు. గేటు దగ్గర మీ కారు, నిద్రపోని డ్రైవరు, నిండా పెట్రోలు ఉండాల్సిందే.

షుగర్ పిల్లల క్యాంపు అన్నిటికంటే సరదాగానూ ఉంటుంది, అన్నిటికంటే పని ఎక్కువా ఉంటుంది. ఇంట్లో కూచునే పిల్లాడు ఇక్కడ పొద్దస్తమానం ఆడతాడు కాబట్టి, ఇన్సులిన్ మొదటిరోజే 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. ఎంత తగ్గించాలో డాక్టరు ఒక్కొక్కరికీ విడిగా రాస్తారు. భోజనాలకి ముందు, పడుకునేముందు, రాత్రి 2–3 మధ్య వేలికొస రక్తంలో షుగర్ చూడాలి. 70 లోపు పడితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడటం. చాక్లెట్ ఇవ్వకండి, అందులో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేని పిల్లాడి నోట్లో ఏమీ పోయొద్దు. అప్పుడు షుగర్ పెంచడానికి వేసే గ్లూకగాన్ ఇంజెక్షన్ మన ఊళ్ళలో అన్ని మందుల షాపుల్లో ఉండదు, వారం ముందే ఆర్డరు పెట్టాలి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఒకటి తాళంతో ఉంచండి. ఫ్రీజరు గోడకి ఆనించకండి, గడ్డకడితే అది పనికిరాదు.

హెచ్ఐవీతో ఉన్న పిల్లల్ని కూడా తర్వాతెప్పుడైనా చేర్చాలనుకుంటే, 2017 చట్టం ప్రకారం వాళ్ళ విషయం సంరక్షకుల రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు, మీ వాలంటీర్లకైనా సరే. చాలామంది పిల్లలకి తమకేముందో తెలియదు కూడా. క్యాన్సర్ పిల్లల్లోనూ అంతే. రక్తం తక్కువైంది అని మాత్రమే ఇంట్లో చెప్పి ఉంటారు. కాబట్టి బస్సు మీద క్యాన్సర్ పిల్లల క్యాంపు అని బ్యానరు కట్టకండి. టీషర్టుల మీద కూడా జబ్బు పేరు ఉండకూడదు.

ఇక మందులు తీసుకునే బల్ల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే క్యాంపు అక్కడే గెలుస్తుంది, అక్కడే చెడుతుంది. బస్సు దిగిన వెంటనే ఆటలు మొదలుపెట్టకుండా ఒక గంట దీనికే ఉంచండి. ఒక నర్సు, ఒక వాలంటీరు, అమ్మ లేదా నాన్న, ముగ్గురూ కూచోవాలి. కాగితం పొట్లంలో విడి మాత్రలు తెస్తే తీసుకోవద్దు. స్ట్రిప్పు మీద పేరు, మోతాదు, ఎక్స్‌పైరీ కనిపించాలి. మాత్రలు లెక్కపెట్టి రాసి సంతకం. పిల్లాడి ఫొటో అంటించిన ప్లాస్టిక్ డబ్బాలో అవి వెళతాయి. డాక్టరు చీటీలో ఉన్నదానికీ అమ్మ చెప్పినదానికీ తేడా వస్తుంది, తరచుగా వస్తుంది. ఈమధ్యే మోతాదు మార్చి ఉంటారు, పాత చీటీ తెచ్చి ఉంటారు. అక్కడే ఆసుపత్రికి ఫోను చేసి తేల్చుకోవాలి, రాత్రి భోజనాల దగ్గర కాదు. మందు ఇచ్చేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు చూడాలి, పిల్లాడు మింగాకే సంతకం. పెట్టేముందు సంతకం చేసేస్తే ఏదో ఒక పూట ఎవరికో పడదు.

అదే బల్ల దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి. ఇన్ఫెక్షన్లేమైనా ఉన్నాయా అంటే అందరూ లేవండీ అంటారు. మూడు వారాల్లో ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ, బళ్ళోగానీ ఎవరికైనా అమ్మవారు పోసిందా, తట్టు వచ్చిందా, గవదబిళ్ళలు కట్టాయా అని అడగండి. అప్పుడు చెబుతారు. ఆటలమ్మ 21 రోజుల దాకా బయటపడకుండా ఉండగలదు. కీమో పిల్లాడు ఆటలమ్మ ఉన్నవాళ్ళతో కలిసుంటే ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే రక్షణ ఇంజెక్షన్ వీలైతే నాలుగు రోజుల లోపే పడాలి. అవును అన్న పిల్లాణ్ణి వెనక్కి పంపాల్సిందే. కష్టంగానే ఉంటుంది, తర్వాతి క్యాంపుకి మొదటి పేరు వాడిదే అని చెప్పి పంపండి. దగ్గు, జలుబు ఉన్న వాలంటీరుకీ ఇదే నియమం, వాళ్ళే అధ్యక్షులైనా సరే.

వంట. మన గుంటూరు కారం ఈ మూడ్రోజులూ పక్కన పెట్టండి. కీమో పిల్లల నోట్లో పుళ్ళుంటాయి, ఆవకాయ వాసనకే ఏడుస్తారు. అక్కడే వండాలి, వండిన రెండు గంటల్లో తినాలి. క్యాటరింగ్‌వాళ్ళు పొద్దున చేసి తెచ్చే కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ మధ్యాహ్నానికి పనికిరావు. కోసి ఉంచిన పండ్లు, పచ్చి ఉల్లి, కీర ముక్కలు వద్దు. అరటిపండు, కమలా బాగుంటాయి, తొక్క వాళ్ళే తీసుకుంటారు. క్యాను నీళ్ళు కూడా కాచి చల్లార్చినవే. పునుగులు, మిరపకాయ బజ్జీ కావాలని గొడవ చేస్తారు. కాదనకుండా మీ వంటింట్లోనే కొత్త నూనెలో, గింజ తీసిన మిరపకాయతో వేయించి పెట్టండి. స్టెరాయిడ్ వాడే రోజుల్లో పిల్లలకి ఆకలి విపరీతం, రాత్రి 9కి ఉప్మానో పాలో లేకపోతే పడుకోరు. అది అల్లరి కాదని వంటాయనకి ముందే చెప్పండి.

ఈ తరహా ఉచిత క్యాంపులకి బాట వేసినవాడు సినిమా నటుడు పాల్ న్యూమన్. 1988లో అమెరికాలోని కనెటికట్‌లో హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్ మొదలైంది. 1994లో ఐర్లాండ్‌లో ఒక కోటలో బారెట్స్‌టౌన్ వచ్చింది. వాళ్ళ స్థలాలూ గుర్రాలూ మనకెక్కడొస్తాయి. తెచ్చుకోదగ్గవి రెండున్నాయి. మందుల గది ఆసుపత్రిలా కనిపించదు, ఆటల మధ్యలోనే ఒక చావడిలా ఉంటుంది. రెండోది, ఏ ఆటైనా ఇష్టమైతేనే. ఆడనంటే పక్కన కూచుని స్కోరు రాయొచ్చు, కామెంటరీ చెప్పొచ్చు. బతిమాలకూడదు, జాలిపడి గెలిపించనూ కూడదు. గెలిపిస్తే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆటల విషయంలో ఖర్చు ఏమంత అక్కర్లేదు. 45 నిమిషాలు ఆట, 15 నిమిషాలు నీళ్ళు, నీడ. మధ్యాహ్నం 1.30 నుంచి 3.30 దాకా పడక. కుర్చీలో కూచుని ఆడే క్రికెట్, తోలుబొమ్మలాట, ముగ్గులు, నాటకం, రాత్రి డాబా మీద చుక్కలు చూడటం. కొండపల్లి బొమ్మలకి రంగులేయడం పిల్లలకి ప్రాణం. చెక్కి సిద్ధం చేసిన తెల్లపొణికి చెక్క బొమ్మల్నే తెప్పించండి. చెక్కడం, గీకడం అక్కడ పెట్టొద్దు, ఆ పొడి వాళ్ళ ఊపిరితిత్తులకి మంచిది కాదు. గాలిపటాలు ఎగరేయొచ్చు, నూలు దారంతో మాత్రమే. మాంజా వేలు కోస్తే ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లకి రక్తం ఆగదు. చలిమంట వద్దు, పొగ. ఈత మొదటి ఏడాది వద్దు. చేతి నుంచో ఛాతీ నుంచో ట్యూబు బయటికి వేలాడే పిల్లలు ఏ నీళ్ళలోనూ దిగకూడదు, కృష్ణలో మునక అసలే వద్దు.

వాలంటీర్లు ముగ్గురు పిల్లలకి ఒకరు చొప్పున. ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించండి, మీ పదిహేను మందికి కూడా. ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. స్నానానికి సాయం కావాలంటే ఇద్దరు వెళ్ళాలి, ఆడపిల్లలకి ఆడవాళ్ళే. ఎవరైనా తనతో తప్పుగా ప్రవర్తించారని పిల్ల చెబితే విని మీలో మీరు విచారణ పెట్టుకోకండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపడం తప్పనిసరి, దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద ఉండాలి. వాలంటీర్ల శిక్షణ ఒక పూర్తి రోజు. అందులో సగం చెప్పకూడని మాటల మీదే గడుస్తుంది: అయ్యో పాపం, జుట్టేమైంది, ఎన్నాళ్ళ నుంచి, తగ్గిపోతుందిలే. ముందు ఏడాది వచ్చిన పిల్లాడు ఈసారి ఎందుకు రాలేదని ఇంకో పిల్లాడు అడుగుతాడు. చనిపోయి ఉంటే ఊరెళ్ళాడని అబద్ధం ఆడొద్దు. ఎవరు, ఏమని చెప్పాలో ఆ పిల్లాడి అమ్మానాన్నలతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ముఖ్య అతిథుల గురించి కూడా మీరు అడిగారు. నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. స్టేజీ, శాలువాలు, ఉపన్యాసాలు, పిల్లల్ని వరసలో నిలబెట్టి బ్యాగులు పంచుతూ ఫొటోలు, ఇవేవీ వద్దు. ఎండలో రెండు గంటలు పోతాయి. దాతలకి చూపించాలంటే పిల్లలు వేసిన బొమ్మలు ఇంకో రోజు హాల్లో పెట్టి పిలవండి. ఫొటోలకి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉన్నా, మొహాలు సోషల్ మీడియాలో పెట్టొద్దు. తీసిన ఫొటోలు మాత్రం ప్రతి కుటుంబానికీ అచ్చు వేసి ఇవ్వండి.

ఉచితం అంటే నిజంగా ఉచితం కావాలి. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో వచ్చే కుటుంబానికి తిండి ఖర్చు భారం కాదు. బస్సు ఛార్జీలు, రక్తపరీక్ష, దించి మళ్ళీ తీసుకెళ్ళడానికి వచ్చే నాన్నకి పోయే రెండ్రోజుల కూలి, ఇవీ భారం. జనవరిలో మిరప కోతలు నడుస్తుంటాయి, ఆ రోజుల్లో కూలి మానడం ఇంకా కష్టం. రక్తపరీక్ష పిల్లాడి మామూలు చెకప్ రోజునే పడేలా చూడండి, విడిగా రప్పించకండి. అమ్మ వదల్లేనంటే వదలమనొద్దు. అదే ఆవరణలో వేరే గదిలో ఉండనివ్వండి. రెండో రోజుకి చాలామంది తల్లులు తామే వెళ్ళి హాయిగా పడుకుంటారు.

మీ బృందానికి రిజిస్ట్రేషన్ లేకపోతే కొత్తగా ట్రస్టు పెట్టే హడావిడి వద్దు. ఆసుపత్రికి అనుబంధంగానో, ఇప్పటికే 12ఏ, 80జీ అనే పన్ను మినహాయింపు నమోదులున్న సంస్థ ద్వారానో మొదటి క్యాంపు నడపండి. రూ.2,000 దాటిన విరాళాలు చెక్కు ద్వారానో యూపీఐలోనో తీసుకోండి, నగదైతే దాతకి పన్ను మినహాయింపు రాదు. సూదులు, లాన్సెట్లు చెత్తబుట్టలో వేయకుండా గుచ్చుకోని తెల్లడబ్బాలో వేసి, ఆసుపత్రి వ్యర్థాలతో కలిపి పంపే ఏర్పాటు ముందే రాయించుకోండి.

క్యాంపు అయ్యాక పని మిగిలే ఉంటుంది. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి అమ్మకి అప్పజెప్పాలి. మూడో రోజు, పదో రోజు, ఇరవై ఒకటో రోజు ప్రతి ఇంటికీ ఫోను చేసి జ్వరం, పొక్కులు ఏమైనా ఉన్నాయా అడగాలి. ఒక్కరికి ఆటలమ్మ బయటపడినా, మిగతా అందరి డాక్టర్లకీ ఆ పూటే తెలియాలి.

హాస్టల్‌కి అడ్వాన్సు ఇచ్చేముందు పిల్లల డాక్టర్ని కలవండి. ఆయన ఏ జబ్బు పిల్లల్ని, ఎంతమందిని పంపుతానన్నారో ఇక్కడ రాస్తే, దానికి తగ్గట్టు మందుల పెట్టెలో ఏమేం ఉండాలో, ఫిట్‌నెస్ ఫారంలో ఏమేం అడగాలో జాబితా పెడతాను.